మారిషస్ రేవులో తారిణి

వేసవి రాగానే ఈపురుపాలేనికి చేరువలోని సముద్రతీర గ్రామాలలో పడవలు ఒడ్డుకెక్కుతాయి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పుతీరంలో మరపడవలపై వేట నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలమది. ఆ రోజులలో మత్స్యకారులు ఫైబరు పడవల అడుగు గీకి, పగుళ్లకు మాసికలు వేసి, ఇంజన్లు విప్పి బాగుచేసుకొంటారు. 2018లో సరిగ్గా ఆ దినాలలోనే, మరమ్మతు కోరి ఒక తెరచాప పడవ మారిషస్ ద్వీపంలోని పోర్ట్ లూయీ రేవు చేరింది. దాని పేరు తారిణి.

తారిణి భారత నౌకాదళానిది. గోవాలో నిర్మించిన ఈ పడవ పొడవు సుమారు 17 మీటర్లు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళాధికారులు దానిపై గోవా నుండి భూప్రదక్షిణకు బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఆ బృందంలోని తెలుగు యువతులు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికాలలో ఆగుతూ వారు సాగారు. నావికులు మృత్యుద్వారంగా భావించే హారన్ అగ్రాన్ని 2018 జనవరిలో దాటారు. అంతటి గండం గడిచి, స్వదేశం సమీపించిన వేళ చుక్కానిని తిప్పే సాధనం చెడిపోయింది!

తెరచాప పడవకు గాలి వేగాన్నిస్తుంది. దిశను చుక్కాని ఇస్తుంది. చుక్కాని మాట వినని పడవ అలలకు అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఎంత మంచి గాలి వీచినా అది శత్రువే. అందుకే అనుకోని మజిలీ అయినా పోర్ట్ లూయీలో ఆగక తప్పలేదు.

ఆ రేవు తెలుగువారికి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో చెరకుతోటల పనికై కోరింగ మొదలైన రేవుల నుండి మన కూలీలు తెరచాప ఓడలలోనే అక్కడికి చేరారు. భారతీయ కూలీలు అడుగిడిన రాతిమెట్లు పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్‌లో నేటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం.

మరమ్మతు ముగిసిన తారిణి మళ్లీ తెరచాపలెత్తింది. 254 రోజుల యాత్ర ముగించి, 2018 మే 21న గోవా చేరింది. ఈపురుపాలెం వైపు పడవలు ఆనాటికింకా ఇసుకమీదనే ఉన్నాయి.