అద్దాల సంద్రం... ఆరు వారాల ఓపిక!

ఆదివారం పొద్దున కొన్నారు. నాలుగడుగుల అద్దాల తొట్టి, నీలం లైటు, తెల్లటి ఇసుక, రాళ్లు. దుకాణం కుర్రాళ్లే వచ్చి ఉప్పునీళ్లు నింపి వెళ్లారు. సాయంత్రానికల్లా నారింజ రంగు మీద తెల్లచారలున్న 'నెమో'లు రెండు అందులో చక్కర్లు కొడుతున్నాయి. ఆ రాత్రి పిల్లల భోజనాలు కూడా తొట్టి ముందే! బుధవారం ఒక చేప నీటి పైకి వచ్చి రొప్పడం మొదలెట్టింది. శుక్రవారానికి రెండూ పోయాయి. నీళ్లు చూస్తే అద్దంలా తేటగా ఉన్నాయి. మరి ఏమైనట్టు?

సముద్రపు అక్వేరియం కొత్తగా పెట్టుకున్న ఇళ్లలో తరచూ జరిగేదే ఇది. చేపలకు జబ్బేమీ లేదు. తమ విసర్జితాల్లోంచి వచ్చిన అమ్మోనియాలోనే అవి మునిగి పోయాయి. అమ్మోనియాకు రంగుండదు. అంత కొద్దిగా ఉంటే వాసనా తెలియదు. మంచినీటి తొట్టిలో ఇది కొంత నెమ్మదిగా పనిచేస్తుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే అక్కడ అమ్మోనియాలో విషపు రూపం పాలు దాదాపు పదిరెట్లు!

కంటికి కనిపించని పనివాళ్లు

సముద్రంలో ఈ చెత్తను ఎత్తిపోసేది బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను తిని నైట్రేట్‌గా వదులుతుంది. నైట్రేట్ కాస్త ఉన్నా చేపలు తట్టుకుంటాయి. చిక్కేమిటంటే ఈ బ్యాక్టీరియా పాలల్లో తోడు వేసినట్టు రాత్రికి రాత్రే పెరగదు. రాళ్ల సందుల్లో, ఇసుకలో, ఫిల్టర్‌లో కాపురం పెట్టి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ తొట్టిలో చేపలుండకూడదు. పాత రోజుల్లో చవకరకం డామ్సెల్ చేపల్ని వేసి, బతికితే తొట్టి సిద్ధమైనట్టు లెక్కేసేవారు. అది ఎంత దారుణమో వేరే చెప్పాలా! చిటికెడు చేపల మేతో, చిన్న రొయ్య ముక్కో వేస్తే సరిపోతుంది. అది కుళ్లి అమ్మోనియా పుట్టిస్తుంది. బ్యాక్టీరియాకు అదే విందు.

రెండు మూడు రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ పోతే కథ మొత్తం అర్థమవుతుంది. మొదట అమ్మోనియా పెరుగుతుంది. అది దిగుతుండగా నైట్రైట్ ఎక్కుతుంది. తర్వాత అదీ దిగి నైట్రేట్ కనిపిస్తుంది. మొదటి రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలిచిన రోజున తొట్టి చేపలకు సిద్ధమైనట్టు.

ఈలోగా ఇసుక మీద గోధుమరంగు నాచు పేరుకుంటుంది. 'అయ్యో, పాడైపోయింది' అని రాళ్లన్నీ బయటికి తీసి కుళాయి కింద తోమేస్తారు కొందరు. నెలరోజులు పెంచిన బ్యాక్టీరియా క్లోరిన్ నీళ్ల దెబ్బకు ఒక్క పూటలో హరీ! ఆ నాచు కొత్త తొట్టికి సహజం. చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

వైజాగ్ నుంచి తెచ్చుకుంటే పోలా?

ఉప్పునీళ్లేగా, వైజాగ్ వెళ్లినప్పుడు బీచ్‌లో నాలుగు క్యాన్లు పట్టుకొస్తే పోలా అనిపిస్తుంది. తీరం దగ్గరి నీటిలో ఊరి మురుగు, నూనె తెట్టు కలిసే ప్రమాదం ఉంది. పైగా వరదల కాలంలో నదుల నీరు కలిసి బంగాళాఖాతం ఉప్పదనం తగ్గిపోతుంది. పోనీ వంటింటి ఉప్పు? అది దాదాపు ఉత్త సోడియం క్లోరైడ్. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల పైన కాల్షియం, 1300 దాకా మెగ్నీషియం ఉంటాయి. పగడాలు ఒళ్లు కట్టుకోవాలంటే అవి కావాలి. అందుకే అక్వేరియం కోసమే తయారైన సముద్రపు ఉప్పు వాడాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన 300 లీటర్ల తొట్టికి పది పదకొండు కిలోలు పడుతుంది.

కలిపే నీరూ ముఖ్యమే. మన బోరునీళ్లలో నైట్రేట్లు, గట్టిదనం ఎక్కువ. ఇంట్లో ఆర్వో ఉందిగా అనుకుంటే అక్కడా ఓ మెలిక ఉంది. చాలా మెషీన్లలో రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతారు. 'కాపర్' రకాల్లో రాగి చేరుస్తారు. మనకు మంచిదని అమ్మే ఆ రాగే రొయ్యలకు, నత్తలకు, పగడాలకు పరమ విషం. ఆర్వో తర్వాత డీఐ కార్ట్రిడ్జ్ కూడా దాటి, టీడీఎస్ సున్నా చూపించే నీరే దీనికి పనికొస్తుంది.

చారు మరిగితే ఏమవుతుంది? నీళ్లు ఇగిరి ఉప్పు మిగులుతుంది. తొట్టిలోనూ అంతే. అందుకని రోజూ ఇగిరిన మేరకు ఉప్పులేని ఆర్వో నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరుగుతూనే పోతుంది. వారానికోసారి పదోవంతు నీరు మార్చేటప్పుడు మాత్రం కొత్త ఉప్పునీరు. రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 దగ్గర నిలిస్తే చాలు.

ఎండాకాలం అసలు పరీక్ష

పగడాలకు 25, 26 డిగ్రీలు హాయి. మే నెలలో హైదరాబాద్‌లో, విజయవాడలో ఏసీ లేని గదిలో తొట్టి నీరు 30 దాటడం ఎంతసేపు! వేడి ఎక్కువైతే పగడం తన ఒంట్లో ఉండి అన్నం వండిపెట్టే సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. లక్షద్వీప్ సముద్రంలో 1998, 2010, 2016, 2024ల్లో జరిగిందీ అదే. ఇంట్లో అయితే చిల్లరో, కనీసం నీటిమీదికి గాలి కొట్టే ఫ్యానో ఉండాలి. ఫ్యాను పెడితే నీరు ఇంకా త్వరగా ఇగురుతుందన్నది మరవొద్దు. కరెంటు పోతే ఇంకో గండం. పంపు ఆగితే గంటల్లోనే ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలతోపాటు బ్యాక్టీరియా కూడా విలవిల్లాడుతుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఖరీదు రెండు చేపల ధర కూడా ఉండదు.

ఇంతా చేసి పగడం ఎక్కడినుంచి తెస్తారు? రాతి పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో మన ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. అందులోనే పులి ఉంది! మన సముద్రంలో కోసి తెచ్చిన ముక్క ఇంట్లో ఉంటే అది నేరం. పగడపు రాళ్లదీ అదే సంగతి. తయారుచేసిన సిరామిక్ రాళ్లు బ్యాక్టీరియాకు చక్కగా సరిపోతాయి. నెమోల విషయంలో మాత్రం దారి ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌ఫిష్‌లను హేచరీల్లో పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించింది. కొనేటప్పుడు హేచరీ పిల్లా, సముద్రంలో పట్టిందా అని అడగండి. దుకాణదారు నీళ్లు నమిలితే ఇంకో దుకాణం చూసుకోవడమే.

ఆరో వారం దాటింది, కిట్ రెండు సున్నాలు చూపించింది అనుకుందాం. తెచ్చేది ఒక్కటే చేప, మహా అయితే జత. సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, తర్వాత అరగంట పాటు కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు సంచిలో పోస్తూ చేపను అలవాటు చేయాలి. సంచిలోని నీళ్లు తొట్టిలో పడకుండా చేపను మాత్రమే వదలాలి. లైటు ఆపేయాలి. ఆ రాత్రికి మేత వద్దు. తర్వాతి చేప సంగతి రెండు మూడు వారాల తర్వాత, కిట్‌ను అడిగాకే.