చలికాలంలో పొదుగుడుకు వచ్చిన కోడి: ముంచడం కాదు, మరిపించడం మేలు

పెరట్లో నాలుగైదు నాటుకోళ్లు పెంచే ఇళ్లలో ఈ దృశ్యం మామూలే. రోజూ గుడ్డు పెట్టే పెట్ట ఒక్కసారిగా గూడు వదలదు. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి, గుర్రుమంటూ పొడుస్తుంది. కింద గుడ్లు లేకపోయినా కదలదు. కోడి పొదుగుడుకు వచ్చిందని పెద్దలు చెప్పేది దీన్నే. అప్పటి నుంచి గుడ్లు ఆగిపోతాయి. గుడ్లమ్మి ఇంటి ఖర్చుకు నాలుగు డబ్బులు చూసుకునే మహిళలకు ఇది నష్టమే.

దీన్ని మాన్పించడానికి కోడిని చన్నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం, కాళ్లు కట్టెయ్యడం వంటివి పల్లెల్లో చేస్తుంటారు. ఇవన్నీ కోడిని బాధపెట్టేవే. చలికాలంలో నీళ్లలో ముంచడం ప్రాణం మీదకు కూడా తెస్తుంది.

హార్మోన్ చేసే పని

పొదగాలనే కోరిక కోడి మొండితనం కాదు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి విడుదల చేసే ప్రోలాక్టిన్ అనే హార్మోన్ దీనికి మూలం. ఆవులో పాల ఉత్పత్తికి తోడ్పడేదీ ఈ హార్మోనే. కోడి రక్తంలో దీని స్థాయి పెరిగితే అండాశయం కుంచించుకుపోతుంది, గుడ్లు ఆగుతాయి, మేత తగ్గుతుంది. పొట్ట కింద ఈకలు రాలి, చర్మం బయటపడుతుంది. ఆ వెచ్చని చర్మానికి గూడు, గుడ్లు తగులుతున్నంత కాలం మెదడుకు సంకేతాలు వెళ్తూనే ఉంటాయి, ప్రోలాక్టిన్ ఎక్కువగానే ఉంటుంది. ఈ తాకిడి ఆగితే హార్మోన్ స్థాయి త్వరగానే పడిపోతుంది. కోడిని మరిపించే కిటుకు ఇక్కడే ఉంది.

గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. పుంజు లేని ఇంట్లో గుడ్లు ఎన్నాళ్లు పొదిగినా పిల్లలు కావు. మేత సరిగా తినకుండా వారాల తరబడి కూర్చున్న కోడి చిక్కిపోతుంది. కదలని గూట్లో పేలు కూడా పెరుగుతాయి.

నీళ్లు ఎందుకు వద్దు?

కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఈకల మధ్య చిక్కుకున్న గాలే దానికి దుప్పటి. తడిస్తే ఆ గాలి పొర పోతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పైగా పొదుగుడు కోడి పొట్ట కింద ఈకలుండవు, ఒంట్లో కొవ్వు కూడా తగ్గి ఉంటుంది. మన్యంలోనో, ఆదిలాబాద్ వైపో రాత్రి చలి కొరికేసే రోజుల్లో తడిసిన కోడి తెల్లవారేసరికి బతికి ఉంటుందన్న భరోసా లేదు.

చలిలో మెల్లగా మాన్పించడం

ముందుగా గుడ్లను రోజూ, వీలైతే రెండు పూటలా తీసెయ్యాలి. పగటిపూట ఆ గూడు మూసెయ్యాలి. కోడిని మిగతా కోళ్లతో ఎండలో తిరగనివ్వాలి.

అప్పటికీ మానకపోతే, అడుగున జాలీ ఉన్న పంజరాన్ని ఇటుకల మీద ఎత్తిపెట్టి, పగలు కోడిని అందులో ఉంచాలి. గడ్డి, గోనె వెయ్యకూడదు. పొట్ట కింద మెత్తదనం, వెచ్చదనం దొరకకపోతే మెదడుకు వెళ్లే సంకేతం తెగుతుంది. మేత, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పంజరం వెలుతురులో ఉండాలి, కానీ ఈదురుగాలి, మంచు తగలకూడదు.

చలి ఎక్కువైతే రాత్రి పంజరంలో వదలకూడదు. చీకటి పడగానే తీసి, మిగతా కోళ్లతో పాటు కర్ర మీద కూర్చోబెట్టాలి. పక్క కోళ్ల వెచ్చదనం దానికి దక్కుతుంది, గూడు మాత్రం దక్కదు. జొన్నలో, సజ్జలో, నూకలో సాయంత్రం పెడితే రాత్రంతా ఒంట్లో వేడి నిలుస్తుంది.

చాలా కోళ్లు మూడు నాలుగు రోజుల్లో మామూలుగా తిరగడం మొదలుపెడతాయి. అయినా వెంటనే గుడ్డు ఆశించకూడదు. అండాశయం కోలుకోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. శీతాకాలంలో మన ప్రాంతంలో పగలు సుమారు 11 గంటలే ఉండటం వల్ల ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

ఒక జాగ్రత్త. కిందకు దించినా ముడుచుకుపోయి, పొడవక, మేత ముట్టని కోడి పొదుగుడుది కాకపోవచ్చు, జబ్బుపడినది కావచ్చు. దాన్ని పశువైద్యుడికి చూపించాలి.

మాన్పించాలా, వాడుకోవాలా?

తెల్ల లెగ్‌హార్న్ వంటి గుడ్ల కోళ్లలో తరతరాల ఎంపికతో పొదిగే గుణం దాదాపు పోయింది. అందుకే అవి ఏడాది పొడవునా గుడ్లు పెడతాయి, పిల్లలకు మాత్రం ఇంక్యుబేటర్ కావాలి. కరెంటు లేని చోట ఆ యంత్రం పని చేసేది నాటుకోడే. కాబట్టి పుంజుతో కలిసిన మంచి గుడ్లు ఉండి, పుట్టే పిల్లలను చలి నుంచి కాపాడే వెచ్చని చోటు ఉంటే, దాన్ని కూర్చోనివ్వడమే లాభం. తొలి వారంలో పిల్లలకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కలు ఆ పని చేస్తాయి, గూటిలోకి చలిగాలి, తడి రాకుండా చూడటం మాత్రం మనిషి పని. ఆ ఏర్పాటు లేనప్పుడే మరిపించడం, అదీ నీళ్లతో కాదు, ఓపికతో.