అడుగు ఇక్కడ, మనసు ఎక్కడ?

ఫజ్ర్ నమాజు ముగించుకుని నెల్లూరు నుంచి మైపాడు చేరేసరికి సముద్రం మీద పొద్దు పొడుస్తూ ఉంటుంది. డాక్టరు చెప్పారని ఒడ్డున నడిచేవారు ఎందరో! కాళ్లు ఇసుకలోనే ఉంటాయి. మనసు మాత్రం దుకాణం లెక్కల్లోనో, అమ్మాయి పెళ్లి ఖర్చుల్లోనో, చేతిలోని సెల్‌ఫోనులోనో ఉంటుంది.

నమాజులోనూ మనకు ఈ జబ్బు ఉన్నదే. రుకూలో నడుము వంగుతుంది, మనసు వంగదు. వినయంతో కూడిన ఏకాగ్రతే ఖుషూ. సాఫల్యం పొందే విశ్వాసుల గుణాలను చెబుతూ దివ్య ఖుర్‌ఆన్ (23వ సూరా) మొదట పేర్కొన్నది దీనినే. ఇఖామత్ వినబడినా పరుగెత్తకుండా ప్రశాంతంగా, హుందాగా నడిచి రావాలని దైవప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది.

నమాజు వ్యాయామం కాదు, ఆరాధన. అయినా అది నేర్పే శ్రద్ధ నడకకూ పనికొస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య కళాశాలలో జాన్ కబట్ జిన్ 1979లో రోగులకు ఏకాగ్రత శిక్షణ ప్రారంభించారు. అందులో నడక కూడా ఒక సాధనే. పాదం ఆనడం, లేవడం, శ్వాస ఆడడం గమనించాలి. మనసు పక్కకు పోతే విసుక్కోకుండా మళ్లీ అడుగు మీదకు తెచ్చుకోవాలి. అంతే!

మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు అరగంట చొప్పున 5 రోజులు. తీరానికి పోలేని ఇల్లాలు మిద్దె మీద నడిచినా ఇదే పద్ధతి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆగి వైద్యుణ్ణి కలవాలి.

షుగరు ఉన్నవారికి ఈ శ్రద్ధ మరీ ముఖ్యం. వారిలో కొందరికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. ఆల్చిప్ప కోసుకున్నా తెలియదు. ఆ చిన్న గాయమే పుండై, కాలు తీసేసేదాకా పోవచ్చు. కనుక వారు ఇసుకలో ఉత్త కాళ్లతో నడవరాదు. పాదం చెప్పలేనిది కన్ను చూడాలి. రోజూ పాదాలు పరీక్షించుకోవాలి.

ఇందుకు మనం వేరే సమయం వెతుక్కోనక్కరలేదు. వుజూలో పాదాలు కడుగుతూ, వేళ్ల మధ్య తడుపుతూనే ఉన్నాం కదా! ఆ క్షణంలో పాదాన్ని ఒకసారి నిదానంగా చూద్దాం. తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడుచుకుందాం. ఈ శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని కాపాడుకోవడానికి ముందు మన ధ్యాస దానిపై ఉండాలి.