ఎక్కువసార్లా, ఎక్కువ మోతాదులోనా?

ఇల్లు తుడిచి ఇటు తిరిగేలోపే కుక్క మళ్లీ మూలన మూత్రం పోసిందంటే, చాలామంది ముందు చేసే పని నీళ్ల గిన్నె ఎత్తేయడం. అది ప్రమాదం. కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేక వదిలేస్తుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికే కుక్క అన్ని నీళ్లు తాగుతుంది. గిన్నె తీసేస్తే ఒంట్లో నీరు ఇంకిపోతుందే తప్ప జబ్బు తగ్గదు.

ముందు చూడాల్సింది పోసే తీరు. మాటిమాటికీ ముక్కుతూ నాలుగు చుక్కలు పోస్తున్నా, ఎరుపు కనిపిస్తున్నా మూత్రాశయంలో ఇన్‌ఫెక్షనో రాళ్లో ఉండొచ్చు. పోసిన ప్రతిసారీ మడుగు కడుతుంటే కిడ్నీ జబ్బు, షుగర్, హార్మోన్ల తేడా, దురదకు వాడుతున్న స్టెరాయిడ్ మందు వంటి కారణాలు వెతకాలి. పడుకున్నచోట తెలియకుండా కారిపోతుంటే మూత్రద్వారం కండరాలు వదులైనట్టు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో ఇది ఎక్కువ. మగకుక్క స్తంభం కనబడితే చాలు కాలెత్తడం మాత్రం జబ్బు కాదు.

రెండోది కొలత. పొద్దున గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు అదే వేళకు మిగిలినవి తీసేస్తే ఎన్ని నీళ్లు తాగిందో తెలుస్తుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 20 కిలోల కుక్క 2 లీటర్లకు మించి తాగితే, పరీక్ష చేయించాల్సిందే.

పరీక్ష మూత్రంతోనే మొదలవుతుంది. జహీరాబాద్ చెరకు రైతులకు రిఫ్రాక్టోమీటర్ కొత్త కాదు. రెండు చుక్కల రసం వేసి, వెలుతురుకేసి పట్టి, తోట పక్వానికి వచ్చిందో లేదో చూస్తారు. పశువుల డాక్టరు మూత్రం చిక్కదనం చూసే పరికరమూ అదే సూత్రం మీద పనిచేస్తుంది, కొలబద్ద మాత్రం వేరు. అంకె 1.030 దాటితే కిడ్నీలు నీటిని బాగానే పట్టి ఉంచుతున్నట్టు. పదేపదే 1.010 దగ్గరే ఆగిపోతుంటే కిడ్నీల మీద అనుమానం బలపడుతుంది. ఆపైన మూత్రంలో ముంచే పట్టీతో చక్కెర, ప్రొటీన్, రక్తం చూస్తారు. రాళ్ల అనుమానం ఉంటే ఎక్స్‌రే, స్కానింగ్ చేస్తారు.

మూత్రం ఎంత చెబుతుందో 1889లోనే తేలింది. స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే వైద్యులు ఒక కుక్క క్లోమగ్రంథి తీసేశాక, అది ఎడాపెడా మూత్రం పోయడం మొదలుపెట్టింది. ఆ మూత్రంలో చక్కెర బయటపడింది. మధుమేహానికీ క్లోమానికీ ఉన్న ముడి అలా తెలిసింది.

చెరకు తోటలున్నచోట ఎలుకల్నీ మరవకూడదు. వాటి మూత్రంతో తడిసిన నీటి నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ కుక్క కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, కుక్క మూత్రం ద్వారా మనుషులకూ అంటుతుంది. 1935లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, ఎలుకలు పోయేలా తోట తగలబెట్టనిదే చెరకు కోయమని కూలీలు సమ్మె చేసింది ఈ జబ్బు భయంతోనే. కాబట్టి జ్వరమో వాంతులో ఉన్న కుక్క మూత్రాన్ని వట్టి చేతులతో ఎత్తకండి. ఏటా టీకా వేయించండి.

మూడు సందర్భాల్లో మాత్రం కొలతలతో పొద్దుపుచ్చకూడదు. మగకుక్క ముక్కుతున్నా చుక్క రాకపోతే రాయి అడ్డుపడి ఉండొచ్చు. ఆపరేషన్ కాని ఆడకుక్క, ఎద ముగిసిన నెలా రెండు నెలల్లో నీళ్లు తెగ తాగుతూ నీరసపడితే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. షుగర్ ఉన్న కుక్క తిండి మానేసి వాంతులు చేసుకున్నా ప్రాణం మీదికి రావొచ్చు. ఈ మూడింటికీ తెల్లారేదాకా ఆగకుండా దవాఖానకు తీసుకెళ్లాలి.