డిన్నర్ సెట్ల బేరం: పువ్వు గ్లేజుకు పైనా, క్రిందా?

పింగాణీ డిన్నర్ సెట్ల వ్యాపారంలో ఒకే సైజు, ఒకే రకం పువ్వు గల రెండు సెట్ల ధరల మధ్య పెద్ద వ్యత్యాసం కనిపించడం కద్దు. చూపులకు రెండూ ఒకటే. పువ్వు గ్లేజుకు క్రింద ఉన్నదా, పైన ఉన్నదా అన్న దానిని బట్టి మన్నిక మారుతుంది. ఇది విచారించక కొన్న సరుకు హోటళ్ళ నుంచి వాపసు వస్తే నష్టం వర్తకునిదే.

గ్లేజు క్రింద

ఒకసారి కాల్చిన పాత్రపై రంగు వేసి, గ్లేజులో ముంచి, మళ్ళీ కాలుస్తారు. స్టోన్‌వేర్, పోర్సిలేన్ రకాలకు ఈ వేడి సాధారణంగా 1,200 డిగ్రీల సెంటిగ్రేడుకు పైమాటే. రంగు గాజు వంటి పొర క్రింద భద్రంగా ఉంటుంది. అయితే అంత వేడికి నిలిచే రంగులు కొద్ది. కోబాల్టు నీలం వాటిలో ముఖ్యమైనది. ఇంగ్లండులో 1784 ప్రాంతంలో జోసయ్య స్పోడ్, రాగి రేకుపై చెక్కిన బొమ్మను పలుచని కాగితం ద్వారా పాత్రపైకి దించి గ్లేజు వేసే పద్ధతిని మెరుగుపరచాడు. దానితో నీలి బొమ్మల సరుకు చౌకగా, విస్తారంగా తయారైంది. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో చేతి కుంచె పని నేటికీ సాగుతున్నది.

గ్లేజు పైన

నేడు మార్కెట్‌కు వచ్చే రంగురంగుల సరుకులో అధిక భాగం డెకాల్ పని. జిగురు కాగితంపై అచ్చయిన పువ్వును నీటిలో నానబెట్టి, గ్లేజు వేసి కాల్చిన ప్లేటు మీదికి జార్చి, నీరు, గాలి బుడగలు పోయేటట్లు రబ్బరు ముక్కతో నొక్కుతారు. తరువాత సుమారు 750 నుంచి 850 డిగ్రీల వద్ద కాలుస్తారు. ఎరుపు, పసుపు వంటి రంగులు బాగా వస్తాయి. డిజైను త్వరగా మార్చవచ్చు. కాని ఘాటైన సబ్బులకు, స్పూన్ల రాపిడికి మెరుపు తగ్గుతుంది. సీసం, కాడ్మియం కలిసిన రంగు సరిగా కాలకుంటే పులుపు తగిలినపుడు ఆహారంలోకి దిగే ప్రమాదం ఉన్నది. పులుసు, పచ్చడి వడ్డించే మన ఇళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ఈ రెంటికీ నడుమ ఇన్‌గ్లేజ్ పద్ధతి ఉన్నది. ఎక్కువ వేడిలో రంగు గ్లేజులోకి దిగి స్థిరపడుతుంది. హోటళ్ళ వాడకానికి ఇది అనుకూలం.

బంగారు గీత

అంచు గీతకు వాడే ద్రవంలో బంగారం సుమారు నూటికి 10 పాళ్ళు మాత్రమే. కాల్చిన తరువాత మిగిలేది అతి పలుచని పొర. పీచుతో రుద్దితే పోతుంది; మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు లేస్తాయి. కొనుగోలుదారుకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

బేరానికి ముందు

ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. పువ్వు చోట మెరుపు తేడాగా ఉన్నా, వేలికి అంచు తగిలినా అది పైపని. తగలనంత మాత్రాన క్రింది పని అని నిశ్చయించరాదు. తయారీదారు చేత బిల్లులో వ్రాయించుకోవాలి. ఆహారం తగిలే భాగంలో రంగు ఉంటే, 4 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 24 గంటలు ఉంచి చేసే సీసం, కాడ్మియం పరీక్ష రిపోర్టు అడగాలి. బోర్డరు అంచుకే పరిమితమైన సెట్లలో ఈ బెడద తక్కువ. పైపని సరుకు ఇళ్ళ వాడకానికి, కానుకలకు చెల్లుతుంది. దానికి హోటలు సరుకు ధర పెట్టరాదు.