సైనికుని జేబులోని గ్రంథాలయము

పాతబడిన పుస్తకములను తూకమునకు వేయుట మన యిండ్లలో అలవాటు. చదివి పారవేయుటకే అచ్చయిన కొన్ని చిన్న పుస్తకములను నేడు గొప్ప గ్రంథాలయములు పెట్టెలలో భద్రపరచుచున్నవి. అవి రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైనికులకొరకు వెలువడిన ‘ఆర్మ్‌డ్ సర్వీసెస్ ఎడిషన్లు’.

తొలుత ఆ దేశప్రజలు తమ యిండ్లలోని పుస్తకములను సైనికులకు దానమిచ్చిరి. కాని గట్టి అట్టల గ్రంథములు, వీపున సామాను మోయువారికి భారమయ్యెను. 1942లో ప్రచురణకర్తలు, గ్రంథపాలకులు, పుస్తక విక్రేతలు కలిసి ఒక సమితిగా ఏర్పడిరి. 1943 మొదలు 1947 వరకు 1,322 సంపుటములు వెలువడినవి. ప్రతుల సంఖ్య సుమారు 12 కోట్ల 30 లక్షలు!

పత్రికలను అచ్చువేయు యంత్రములపై రెండేసి పుస్తకములను ఒకదాని క్రింద నొకటిగా ముద్రించి, నడుమ కోసెడివారు. కావుననే వీనిలో పెక్కింటికి ఎత్తుకంటె వెడల్పు ఎక్కువ. పుటకు రెండు వరుసలు. ఒక్కొక్క ప్రతికి వ్యయము ఆరేడు సెంట్లు మాత్రమే. పుస్తకము హస్తభూషణమని మన పెద్దలమాట; ఇవి జేబులో నిముడు భూషణములు.

ఫిట్జ్‌జెరాల్డ్ 1940లో మరణించునాటికి ఆయన నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ని అడుగువారే అరుదు. ఈ మాలలో దాని ప్రతులు 1,55,000 అచ్చయి సైనికుల కందెను. బ్రూక్లిన్‌లోని పేదబాలిక కథను వ్రాసిన బెట్టీ స్మిత్‌కు యుద్ధభూములనుండి అనేకులు లేఖలు వ్రాసిరి. దూరదేశమున నున్నవారికి ఆ కథలో తమ యిల్లు కనబడెను.

కోట్లకొలది అచ్చయినను మంచి ప్రతి నేడు సులభముగా దొరకదు. చేతులు మారి నలిగినవి కొన్ని, పరదేశములందే మిగిలినవి కొన్ని. సేకరించువారు ముందుగా అట్టపైనున్న వరుస సంఖ్యను చూతురు. పిదప కుట్టిన తీగ త్రుప్పుపట్టినదా, కాగితము పెళుసెక్కినదా యని పరీక్షింతురు. ఎండ, తేమ తగులకుండ పెట్టెలో నుంచుదురు. చిరిగినచోట జిగురుపట్టీ అంటింపరు. సైనికుడు పెన్సిలుతో వ్రాసికొన్న పేరును చెరుపరాదు. ఆ పుస్తకము ఎవరి చేతిలో మెలగెనో తెలుపు సాక్ష్యము అదియే. పూర్తి మాల యొకటి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున నున్నది.

తల్లిదండ్రులారా! మనమును అన్యభాషాప్రాంతమున తరతరములుగా నివసించుచున్నవారము. తాతగారి పెద్దబాలశిక్షయో, అమ్మమ్మగారి శతకమో మన పెట్టెలలో నుండవచ్చును. ఈ సెలవులలో మీ బిడ్డచేత ఇంటనున్న తెలుగు పుస్తకముల పట్టిక వ్రాయింపుడు: పేరు, ముద్రణాలయము, ఊరు, సంవత్సరము, లోపలనున్న చేవ్రాలు. ఆ చేవ్రాలు ఎవరిదని బిడ్డ అడుగును. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలవారు మన యిండ్లలో నున్నప్పుడే ఈ పని జరుగవలెను.