గోడకు నారచీర

రామతీర్థం వెళ్ళి సీతారాములను చూసినప్పుడల్లా నాకు నారచీరలు గుర్తొస్తాయి. అడవికి బయల్దేరిన సీతమ్మకు నారచీర కట్టుకోవడం చేతకాకపోతే రాముడే కట్టాడట. ఆ చీరలు చెట్టు బెరడువే. అదే చీర ఇంటి గోడలకూ కడతారంటే వింతగా లేదూ?

అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో ఇది వందేళ్ళ పైమాట. లిన్‌విల్ అనే ఊళ్ళో చర్చి గోడలకే చెస్ట్‌నట్ బెరడు తొడిగారు. 1904లో న్యూయార్క్‌లో బయటపడిన తెగులు వందల కోట్ల చెస్ట్‌నట్ చెట్లను తుడిచిపెట్టేసింది. ఇప్పుడు ట్యూలిప్ పోప్లర్ బెరడు వాడుతున్నారు. కలప కోసం ఎలాగూ నరికిన చెట్టు నుంచే, రసం బాగా ఆడే వసంతం, వేసవి రోజుల్లో పట్టలుగా ఒలుస్తారు. చదును చేసి, పురుగు చచ్చేలా వేడి గదుల్లో ఆరబెడతారు. రంగులతో పనే లేదు.

మరి మన వైపు? నెల్లిమర్ల అనగానే జూట్ మిల్లు గుర్తొస్తుంది. గోనెసంచి నేసే గోగునార కూడా బెరడేనని చాలామందికి తట్టదు. గోగు పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, చెరువులో రెండు మూడు వారాలు నానేస్తారు. ఆ కంపు దారిన పోయేవాళ్ళకే భరించరానిది, ఇక నీళ్ళలో నిలబడి నార ఒలిచేవాళ్ళ సంగతి చెప్పాలా? నార మిల్లుకు పోతే పుల్ల ఇంటికి మిగిలేది. దాంతో దడి కట్టారు, తడిక అల్లి మట్టీ పేడా మెత్తి గోడ చేసుకున్నారు, ఇంకా ఉంటే పొయ్యిలో పెట్టారు. చుట్టిళ్ళకైతే తాటాకు కప్పును బాగా కిందికి దించి మట్టిగోడను వానకు తడవకుండా కాచుకున్నారు. గుండ్రటి ఇల్లు గాలివానకు నిలుస్తుంది గానీ నిప్పురవ్వకు నిలవదు. ఎండాకాలంలో వరసకు వరస ఇళ్ళు కాలిపోవడం మన జిల్లాలకు కొత్త కాదు. అందుకే ఇల్లాలు పెంకుటిల్లో శ్లాబో కావాలంది. ఆవిడది ఫ్యాషన్ పిచ్చి అనడానికి నాకు నోరు రాదు.

ఆ శ్లాబింటి వరండాకే బెరడు తొడగాలని సరదా పడేవాళ్ళకో మాట. బతికున్న చెట్టు నుంచి ఒలిచింది కొనకండి. ఆకు వండిన ఆహారం వేరుకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. చుట్టూ ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. కలప అడితిలో దుంగలు కోసినప్పుడు బెరడుతో ఉన్న అంచు చెక్కలు పక్కన పడేస్తారు, అవి అడగండి. బాగా ఎండబెట్టి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పట్టించి, మళ్ళీ ఆరాకే గోడకెక్కించాలి. జల్లు కొట్టే గోడకు వద్దు, ఆ మందు వానకు కడుక్కుపోతుంది. చెదలుంటాయి కనుక నేలకు జానెడైనా పైనే ఆపండి. వంటింటి వైపూ, దీపం పెట్టే గూటి పక్కా అసలే వద్దు.